డేటా లాగ్ నుంచి పావు మైలు పరుగు అంచనా: ట్యూన్ చేసిన పికప్ లెక్క

ట్యూన్ చేయించిన, అంటే శక్తి పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ పట్టికలను మార్పించిన, డీజిల్ పికప్ పావు మైలు దూరాన్ని ఎన్ని సెకన్లలో దాటుతుందన్న ప్రశ్నకు గోదావరి డెల్టాలో నేరుగా జవాబు తెలుసుకునే చోటు లేదు. రావులపాలెం నుంచి అమలాపురం దాకా, భీమవరం నుంచి నరసాపురం దాకా నేల చదునుగానే ఉన్నా, ఆ చదునంతా వరిచేలు, చేపల చెరువులు, కాలవగట్లే తప్ప కొలత గీతలున్న డ్రాగ్ స్ట్రిప్ (నిలిచిన చోటు నుంచి తిన్నగా పరుగెత్తే పందెపు దారి) ఒక్కటీ లేదు. డ్రాగ్ పోటీలు జరిగే ట్రాక్ కావాలంటే చెన్నై దగ్గరున్న ఇరుంగట్టుకోట్టై వరకు, అంటే రానూపోనూ వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. అందుకే ఇక్కడి వాహనదారులు, ట్యూనర్లు ముందుగా డేటా లాగ్‌నే, అంటే నడుస్తున్న వాహనం నుంచి క్షణక్షణం నమోదు చేసుకున్న కొలతలనే, ఆశ్రయిస్తారు. లాగ్ చేతిలో ఉంటే స్ట్రిప్‌కు పోకుండానే ఫలితం చెప్పవచ్చునన్న నమ్మకం బలంగా ఉంది. ఆ నమ్మకం సగమే నిజం. ముగింపు గీత దాటేటప్పటి వేగాన్ని లాగ్ నుంచి చాలా దగ్గరగా రాబట్టవచ్చు. పరుగుకు పట్టే సమయాన్ని మాత్రం ఒక శ్రేణిగానే చెప్పగలం, ఎందుకంటే ఆ సమయంలోని అనిశ్చితి అంతా లాగ్‌లో సరిగా నమోదుకాని మొదటి ఇరవై మీటర్లలోనే ఉంటుంది.

స్ట్రిప్ ఏమి కొలుస్తుందో స్పష్టంగా తెలియకపోతే లాగ్‌ను దానితో పోల్చడం సాధ్యం కాదు. పావు మైలు అంటే 402.3 మీటర్లు. వాహనం కదలడం మొదలుపెట్టిన క్షణం నుంచి కాక, ముందు చక్రం ఆరంభ గీత దగ్గరి కాంతి కిరణాన్ని విడిచిన క్షణం నుంచి గడియారం నడుస్తుంది. ఆ కిరణాన్ని విడిచేలోపు వాహనం సుమారు 30 సెంటీమీటర్లు ముందుకు జరిగే ఉంటుంది. ఆ కాస్త దూరానికి బరువైన పికప్‌కు దాదాపు 0.4 సెకను పడుతుంది గనుక, నిలిచి ఉన్న స్థితి నుంచి లెక్కపెట్టే ఫోన్ యాప్‌కూ స్ట్రిప్ ఇచ్చే చీటీకీ మొదటి నుంచే అంత తేడా ఉంటుంది. పచ్చదీపం వెలిగాక డ్రైవరు ఎంత ఆలస్యంగా కదిలాడన్నది ఈ సమయంలో చేరదు. అది పందెంలో గెలుపోటములకు సంబంధించిన వేరే లెక్క. ముగింపు వేగం కూడా గీత దగ్గరి క్షణిక వేగం కాదు, చివరి 20 మీటర్ల సరాసరి. ట్యూన్ చేసిన పికప్ లాంటి వాహనానికి ఈ సరాసరి అసలు చివరి వేగం కన్నా గంటకు ఒక కిలోమీటరు తక్కువగా కనబడుతుంది.

వేగానికీ సమయానికీ ఉన్న స్వభావ భేదం భౌతికశాస్త్రంలోనే ఉంది. ఒక వాహనం స్థిరమైన శక్తితో, ఏ నిరోధమూ లేకుండా పరుగెత్తిందనుకుంటే, చివరి వేగపు ఘనం శక్తికీ దూరానికీ అనులోమంగా, బరువుకు విలోమంగా ఉంటుంది. అంటే వేగం, శక్తిని బరువుతో భాగించగా వచ్చిన సంఖ్యకు ఘనమూలంగా నడుస్తుంది. కిలోవాట్లను కిలోలతో భాగించి, ఘనమూలం తీసి, పావు మైలుకు 383తో గుణిస్తే ఈ ఆదర్శ వాహనపు వేగం గంటకు కిలోమీటర్లలో వస్తుంది. గాలి నిరోధం, గేరు మార్పులు, చక్రాల జారుడు కలిసిన నిజ ప్రపంచంలో డ్రాగ్ పందేల వాళ్లు చాలా కాలంగా వాడుతున్న అనుభవ సూత్రం, కొలమానాలు మార్చి చూస్తే, 383కు బదులు 319ని వాడుతుంది. సమయానికి అదే సూత్రం, బరువును శక్తితో భాగించి తీసిన ఘనమూలాన్ని 6.87తో గుణించమంటుంది. శక్తి పది శాతం తప్పు పడినా వేగంలో మూడు శాతం తప్పే వస్తుందన్నది ఘనమూలం వల్ల కలిగే పెద్ద మేలు. అయితే సమయానికి చెప్పిన 6.87 అన్న అంకెలో సగటు వాహనపు సగటు ఆరంభం దాగి ఉంది. దేనిది ఆ సగటు? ఎక్కువగా తేలికైన పెట్రోలు కార్లది. ఖాళీ ట్రాలీతో, ఆకు స్ప్రింగులతో, బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి అదనంగా నెట్టే గాలి ఒత్తిడి) కోసం ఎదురుచూసే టర్బో డీజిల్ పికప్‌ది కాదు.

ఇక లాగ్ విషయం. ఓబీడీ పోర్టుకు (వాహన కంప్యూటర్‌లోని కొలతలను బయటికి చదివే ప్లగ్గుకు) తగిలించే చవక బ్లూటూత్ పరికరం నుంచి వచ్చే వేగం పూర్ణాంకంగానే వస్తుంది. 71 తరువాత 72 వస్తుంది తప్ప 71.4 రాదు. పైగా అలాంటి పరికరం సెకనుకు కొన్ని ప్రశ్నలను మాత్రమే అడగగలదు గనుక, తెర మీద పది కొలతలు పెట్టుకుంటే ఒక్కొక్కటి సెకనుకు ఒకసారి మాత్రమే మారుతుంది. గంటకు 70 కిలోమీటర్ల నుంచి 80కి చేరడానికి 1.05 సెకను పట్టిన వాహనానికి అలాంటి లాగ్‌లో ఒక సెకనో రెండు సెకన్లో అని పడుతుంది. దాని మీద శక్తి లెక్క కడితే ఒక పరుగులో వచ్చిన అంకె ఇంకో పరుగులో సగమవుతుంది. ఇది ట్యూన్ చేసినవాడి తప్పు కాదు, లాగ్ తీసిన పద్ధతి తప్పు. వేగాన్ని వదిలి ఇంజిన్ ఆర్‌పీఎమ్‌ను, అంటే నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్యను, నమ్మడం మేలు, ఎందుకంటే ఓబీడీలో దాని సూక్ష్మత పావు ఆర్‌పీఎమ్ వరకు ఉంటుంది. గేరు స్థిరంగా ఉండి, టార్క్ కన్వర్టర్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఇంజిన్‌నూ గేర్లనూ ద్రవంతో కలిపే భాగం) లాక్ అయి ఉన్నంతసేపూ ఆర్‌పీఎమ్, టైరు చుట్టుకొలత, గేరు నిష్పత్తుల నుంచి వేగాన్ని తిరిగి కట్టవచ్చు. కన్వర్టర్ లాక్ కాలేదేమో తెలుసుకోవడం సులభం: ఆర్‌పీఎమ్‌ను వేగంతో భాగించగా వచ్చిన సంఖ్య పరుగంతా స్థిరంగా లేకపోతే లోపల ఎక్కడో జారుడు ఉన్నట్టే. లాగ్‌లో ఆర్‌పీఎమ్, మేనిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) ఒత్తిడి, గాలి ప్రవాహం అనే మూడింటినే పెట్టుకుని మిగతావి తీసేస్తే అదే చవక పరికరం కూడా పనికొచ్చే వేగంతో చదువుతుంది. సెకనుకు పదిసార్లు చదివే విడి జీపీఎస్ లాగర్ తోడుంటే వేగానికి ఇంకో సాక్ష్యం దొరుకుతుంది. ఫోన్ లోపలి జీపీఎస్ సాధారణంగా సెకనుకు ఒకసారే చెబుతుంది గనుక ఈ పనికి చాలదు.

మేనిఫోల్డ్ ఒత్తిడి విషయంలో ఇంకో ఉచ్చు ఉంది. ఓబీడీ ప్రామాణిక కొలత ఒక్క బైట్‌లో వస్తుంది గనుక 255 కిలోపాస్కళ్లు దాటి చూపలేదు. వాతావరణ పీడనాన్ని తీసివేస్తే అది ఒకటిన్నర బార్ బూస్ట్. ట్యూన్ చేసిన డీజిల్‌లో ఒత్తిడి అంతకు మించి పోవడం అరుదేమీ కాదు. అప్పుడు లాగ్‌లో గీత 255 దగ్గర నిటారుగా ఎక్కి, బల్ల మీద గీసినట్టు సమంగా సాగిపోతుంది. దాన్ని చూసి బూస్ట్ ఎంతో నిలకడగా ఉందని మెచ్చుకునే వారున్నారు. నిజానికి ఆ భాగంలో ఏం జరిగిందో లాగ్‌కు తెలియదు. తయారీదారు సొంత కోడ్‌లను చదవగల పరికరం ఉంటేనే ఆ పై భాగం కనబడుతుంది.

లెక్కకు కావలసిన రెండో అంకె బరువు. కేటలాగులో ఉన్న ఖాళీ బరువును తీసుకోవడం ఎక్కువమంది చేసే పొరపాటు. ఇనుప బంపరు, ట్రాలీ మూత, పెద్ద టైర్లు, నిండు ట్యాంకు, డ్రైవరు అన్నీ కలిస్తే సులభంగా రెండొందల కిలోలు తేడా వస్తుంది, వంద కిలోల తప్పు పావు మైలులో దాదాపు పావు సెకను. ఈ విషయంలో డెల్టాకు ఒక సౌకర్యం ఉంది. రైసు మిల్లుల దగ్గర, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ల దగ్గర వేబ్రిడ్జి కాటాలకు కొదవ లేదు. ధాన్యం లారీల మధ్య కాసేపు వరుసలో నిలబడితే డ్రైవరుతో సహా కాటా వేయించి చీటీ తీసుకోవచ్చు. ఆ కాటా ఐదు, పది కిలోల మెట్లలో చూపినా ఈ పనికి చాలు.

ఆ బరువుకు తిరిగే భాగాల జడత్వాన్ని కలపాలి. ఇక్కడ గేరు ప్రభావం ఊహకు అందనంత పెద్దది. ఉదాహరణకు, కాటా మీద 2,240 కిలోలున్న ఒక పికప్‌ను తీసుకుందాం. మూడో గేరులో మొత్తం నిష్పత్తి 5.8, మొదటి గేరులో 14, టైరు చుట్టుకొలత 2.36 మీటర్లు అనుకుంటే, మూడో గేరులో ఇంజిన్ తిరిగే భాగాలు అరవై కిలోల అదనపు బరువులా పనిచేస్తాయి, చక్రాలు ఇంకో డెబ్బై అయిదు కిలోలు కలుపుతాయి. అదే ఇంజిన్ మొదటి గేరులో 350 కిలోల బస్తాలు ట్రాలీలో వేసుకున్నట్టు బరువవుతుంది. జడత్వం నిష్పత్తి వర్గంతో పెరుగుతుంది గనుకనే మొదటి గేరులోని లాగ్ నుంచి శక్తిని లెక్కకట్టకూడదు. తిరిగే భాగాల అంచనాలో చిన్న తప్పు కూడా అక్కడ పెద్దదై కూర్చుంటుంది.

మూడో గేరులో ఈ పికప్ 70 నుంచి 80కి 1.05 సెకనులో చేరిందనుకుందాం. తిరిగే భాగాలతో కలిపి 2,375 కిలోల ద్రవ్యరాశి ఆ సమయంలో సంపాదించిన గతిశక్తి 1,37,000 జౌళ్లకు పైమాటే; దాన్ని 1.05తో భాగిస్తే 131 కిలోవాట్లు. గాలి నిరోధానికి ఆరు, టైర్ల దొర్లుడుకు ఆరు చొప్పున ఇంకో 12 కిలోవాట్లు పోతున్నాయి గనుక చక్రాల దగ్గర మొత్తం శక్తి 143 కిలోవాట్లు, అంటే 192 హెచ్‌పీ. ఈ లెక్కలో ఎవరి నమ్మకాలూ చేరలేదు: ఒక కాటా చీటీ, ఒక గడియారం, ఒక గేరు నిష్పత్తి, జడత్వానికీ నిరోధానికీ చిన్న అంచనాలు, అంతే. దీన్ని ఇంత విడమరిచి చెప్పడానికి కారణం ఉంది. చాలా లాగ్‌లలో ఇంజిన్ టార్క్ అన్న వరుస కూడా ఉంటుంది. అది ఏ సెన్సారూ కొలిచింది కాదు. ఇంధనం ఇంత పోశాను గనుక టార్క్ ఇంత వచ్చి ఉంటుందని కంప్యూటర్ తన లోపలి పట్టికల నుంచి తీసిన ఊహ. ట్యూన్ చేసేవారు మార్చేది ఆ పట్టికలనే. పట్టికలు మారాక ఆ ఊహను సాక్ష్యంగా చూపడం, తూకం రాయిని మార్చి తూకం చూపినట్టే అవుతుంది.

గాలి ప్రవాహంతో ఇంకో సరిచూపు చేయవచ్చు, చేయాలి కూడా. చక్రాల దగ్గర 143 కిలోవాట్లంటే, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ నష్టాలు 18 శాతం అనుకున్నప్పుడు, ఇంజిన్ దగ్గర 174 కిలోవాట్లు ఉండాలి. మంచి డీజిల్ ఇంజిన్ నిండు లోడులో ఒక్కో కిలోవాట్-గంటకు 220 గ్రాముల దగ్గర ఇంధనం తాగుతుంది. ఆ ఇంధనం పొగ లేకుండా కాలాలంటే ఒక గ్రాముకు 18 గ్రాముల వరకు గాలి కావాలి. లెక్క వేస్తే సెకనుకు 190 నుంచి 200 గ్రాముల గాలి. లాగ్‌లో అంత గాలి కనిపిస్తే రెండు లెక్కలూ ఒకదాన్నొకటి బలపరుస్తున్నట్టు. 160 గ్రాములే కనిపిస్తూ త్వరణం మాత్రం అలాగే ఉంటే, రెండే అవకాశాలు: టైరు చుట్టుకొలత, బరువుల వంటి అంకెల్లో ఎక్కడో తప్పు ఉండాలి, లేదా వాహనం వెనుక నల్లటి పొగ ఉండాలి. రెండోది నిజమైతే ఆ శక్తి ఎక్కువకాలం నిలిచేది కాదు. పొగ గొట్టంలో ఉష్ణోగ్రత పెరిగి టర్బోకు, పిస్టన్లకు ముప్పు తెస్తుంది.

ఈ కొలత ఎక్కడ తీయాలన్నది చట్టంతో ముడిపడిన విషయం. ప్రజల రహదారి మీద పందెం కాయడం, వేగ పరీక్ష జరపడం 1988 నాటి మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం నేరం. పంట చేతికొచ్చే రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, పక్కనే మనుషులు పనిచేస్తుండే డెల్టాలో ఆ సెక్షన్ లేకపోయినా అలాంటి పని చేయదగ్గది కాదు. గట్టి లాగ్ కావాలంటే పద్ధతైన దారి ఛాసిస్ డైనమోమీటర్ (వాహనాన్ని రోలర్ల మీద నడిపి శక్తిని కొలిచే యంత్రం, పొట్టిగా డైనో), లేదా ట్రాకు వాళ్లు సాధనకిచ్చే రోజు. లాగ్ ఆధారిత అంచనాకు ఉన్న అసలు విలువ ఇక్కడే తెలుస్తుంది: 402 మీటర్లు పూర్తి వేగంతో పరుగెత్తనక్కరలేదు, ఒకే గేరులో గంటకు 80 కిలోమీటర్లు దాటని కొద్ది సెకన్ల లాగుడు (యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి వేగం పెంచడం) చాలు. ఎక్కువ వేగంలోనే ఎక్కువ నిజం దొరుకుతుందన్న భావన సరైంది కాదు. వేగం పెరిగేకొద్దీ గాలి నిరోధం అంచనాలోని తప్పు కూడా పెరుగుతుంది.

గాలి గురించి మాట్లాడకుండా తీరంలో ఏ లెక్కా ముగియదు. ఎండాకాలం మధ్యాహ్నం 35 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్నప్పుడు డెల్టాలో ఘనమీటరు గాలి 1.12 కిలోలు తూగుతుంది. సంక్రాంతి రోజుల ఉదయం 20 డిగ్రీల దగ్గర అదే గాలి దాదాపు 1.2 కిలోలు. తేమ ఆక్రమించిన చోటును తీసేసి పొడి గాలిని మాత్రమే లెక్కిస్తే తేడా ఏడున్నర శాతానికి చేరుతుంది. ఉక్కపోత రోజున ఇంజిన్‌కు దొరికే ఆక్సిజన్ అంత తగ్గుతుంది. సాధారణ పెట్రోలు ఇంజిన్ ఆ మేరకు శక్తిని కోల్పోతుంది. టర్బో డీజిల్ కథ వేరు. దాని కంప్యూటర్ మేనిఫోల్డ్‌లో ఉండవలసిన సంపూర్ణ ఒత్తిడిని లక్ష్యంగా పెట్టుకుని టర్బోను ఇంకాస్త వేగంగా తిప్పి లోటు భర్తీ చేసుకుంటుంది. అందువల్ల డైనో నివేదికల్లో కనిపించే వాతావరణ దిద్దుబాటు గుణకాన్ని ఇలాంటి ఇంజిన్‌కు పూర్తిగా వర్తింపజేస్తే లేని హెచ్‌పీ కాగితం మీద పుడుతుంది. డీజిల్‌కు అసలు దెబ్బ ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచే భాగం) తరువాతి ఉష్ణోగ్రతలో తగులుతుంది: ఒత్తిడి అదే అయినా గాలి 50 డిగ్రీలకు బదులు 70 డిగ్రీల్లో లోపలికి వెళితే సాంద్రత ఆరు శాతం పడిపోతుంది. ఇక్కడ గమనించవలసింది, ఓబీడీ చూపే గాలి ఉష్ణోగ్రత కొన్ని వాహనాల్లో ఫిల్టరు పక్కనున్న సెన్సారుది. అది ఇంటర్‌కూలర్ దాటిన గాలి గురించి ఏమీ చెప్పదు. పలుచని గాలిలో ముందుకు నెట్టుకుపోవడం మాత్రం కొంత తేలిక, గాలి నిరోధం కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది గనుక. ఇరుంగట్టుకోట్టై కూడా తీరానికి దగ్గరి పల్లపు ప్రదేశమే కాబట్టి డెల్టాలో తీసిన లాగ్‌ను అక్కడికి వర్తింపజేయడంలో చిక్కు తక్కువ. తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరు పరిసరాల లాగ్ అయితే పది శాతం పలుచని గాలిని లెక్కలోకి తీసుకోవాలి.

గాలి దిశ ఇంకా మోసపుచ్చుతుంది. మధ్యాహ్నం దాటాక కోనసీమ వైపు సముద్రపు గాలి గంటకు 20 కిలోమీటర్లతో ఎదురుగా వీస్తుంటే, 75 కిలోమీటర్ల వేగంలో మన పికప్ దాదాపు నాలుగు కిలోవాట్లు అదనంగా ఖర్చుపెడుతుంది. 130 దగ్గర అదే గాలి పది కిలోవాట్లకు పైగా తింటుంది. వాలు కూడా అంతే. కంటికి ఆనని ఒక శాతం ఎక్కుడు నాలుగున్నర కిలోవాట్లతో సమానం. డెల్టా చదునన్న ధైర్యంతో జొన్నాడ, సిద్ధాంతం వంటి పెద్ద వంతెనల దారుల దగ్గర తీసిన లాగ్‌ను నమ్మితే లెక్క వంతెన ఎత్తును కూడా ఇంజిన్ ఖాతాలో వేస్తుంది. రెండు దిశల్లో తీసిన లాగ్‌ల సరాసరి పట్టడం వల్ల గాలి, వాలు రెండింటి తప్పూ చాలావరకు రద్దవుతుంది.

ఇప్పుడు 143 కిలోవాట్లను పావు మైలుగా మార్చాలి. అనుభవ సూత్రంలో చక్రాల శక్తిని వేస్తే 17.2 సెకన్లు, 127 కిలోమీటర్ల వేగం వస్తుంది. ఇంజిన్ శక్తి 174ను వేస్తే 16.1 సెకన్లు, 136 కిలోమీటర్లు. ఏ శక్తిని వేశారో చెప్పకుండా సూత్రాన్ని వాడడం వల్లే ఒకే వాహనానికి ఒకరు పదహారు, ఇంకొకరు పదిహేడు అని వాదించుకుంటారు. దీనికన్నా పరుగును ముక్కలుగా కోసి, ఒక్కో వేగపు మెట్టులో మిగిలిన శక్తిని, పట్టే సమయాన్ని, దాటే దూరాన్ని లెక్కకట్టడం నయం. స్ప్రెడ్‌షీట్‌లో పది వరుసలకు మించదు. గేరు మార్పుల్లో, ఆర్‌పీఎమ్ శిఖరానికి అటూఇటూ పోయే శక్తిని తీసేసి సగటున 128 కిలోవాట్లు పెట్టుకుని, వేగం గంటకు 36 కిలోమీటర్లకు చేరేదాకా, అంటే మొదటి రెండున్నర సెకన్లు, సెకనుకు సెకనుకు 4 మీటర్ల త్వరణం ఉంటుందనుకుంటే, ఈ పికప్ వందను తొమ్మిదిన్నర సెకన్లలో అందుకుంటుంది. కిరణం విడిచే దూరపు సమయాన్ని తీసేశాక పావు మైలును 16.6 సెకన్లలో, 133 కిలోమీటర్ల ముగింపు వేగంతో దాటుతుంది. వేగం వందకు చేరిన చోటు 155 మీటర్ల దగ్గర. మిగిలిన దూరమంతా గాలితో పోరాటమే, చివర్లో నలభైకి పైగా కిలోవాట్లు నిరోధానికే పోతాయి.

ఆ లెక్కలో పెద్ద ఊహ అన్నదగినది ఒక్కటే ఉంది, ఆరంభంలోని 4 మీటర్ల త్వరణం. దాన్ని 3కు తగ్గిస్తే పరుగు సమయం ఆరేడు పదోవంతుల సెకను పెరిగి 17.3 దగ్గరకు పోతుంది. ముగింపు వేగం మాత్రం అర కిలోమీటరు కూడా తగ్గదు. నాలుగు, మూడు అన్నవి గాలిలోంచి తీసిన అంకెలు కావు. సరుకు లేని పికప్ వెనుక ఇరుసు మీద మొత్తం బరువులో సుమారు 45 శాతమే ఉంటుంది. వెనుక చక్రాలతోనే లాగుతూ, శుభ్రమైన తారు మీద టైరు పట్టు 0.8 ఉంటే, బరువు వెనక్కి వాలడాన్ని కలుపుకుని కూడా త్వరణానికి హద్దు 4.3, దుమ్ము పడి పట్టు 0.6కు జారితే హద్దు 3. నాలుగు చక్రాలకు శక్తి పంపితే ఈ హద్దు తొలగిపోతుంది గానీ అప్పుడు ఇంకో హద్దు ముందుకొస్తుంది: టర్బో. నిలిచి ఉన్న వాహనంలో బూస్ట్ శూన్యం. బ్రేకు నొక్కి పట్టి ఆర్‌పీఎమ్ పెంచి ముందే బూస్ట్ కట్టుకున్న డ్రైవరుకూ, అలా చేయనివాడికీ మధ్య తేడా అర సెకను దాకా పోగలదు. మూడో గేరులో తీసిన లాగ్‌కు ఇవేవీ తెలియవు. ఒకే ఒక అంకెను, అదీ సెకనులో నూరోవంతు దాకా చూపించే యాప్‌ల మీద ఉన్న అభ్యంతరం ఇదే. వాటిలో సూక్ష్మత ఉంది, ఖచ్చితత్వం లేదు. నిజాయితీ గల ట్యూనర్ ఈ వాహనానికి "131 నుంచి 136 కిలోమీటర్ల ముగింపు వేగం, 16.4 నుంచి 17.3 సెకన్లు" అని చెప్పాలి.

లాగ్‌లో ఉండి కూడా తరచు చూడని వరుస రైలు ఒత్తిడి, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఇంధనం అందించే ఉమ్మడి గొట్టంలోని ఒత్తిడి. కామన్ రైల్ డీజిల్‌లో కంప్యూటర్ కోరిన ఒత్తిడి, నిజంగా వచ్చిన ఒత్తిడి రెండూ తయారీదారు కోడ్‌లలో దొరుకుతాయి. ట్యూన్ తరువాత పంపు అంత ఇంధనాన్ని అందించలేకపోతే, పై ఆర్‌పీఎమ్‌లలో రెండో గీత మొదటి గీతకు దిగువన జారుతుంది. కొద్ది సెకన్ల లాగుడులో ఇది కనబడకపోవచ్చు, ఎందుకంటే అప్పటికి పూర్తి లోడు ఎక్కువసేపు నిలవదు. పావు మైలులో పూర్తి లోడు పదహారు సెకన్లకు పైగా నిలుస్తుంది. అందుకే అంచనాకు ముందు రెండో, మూడో లాగుళ్లను వెంటవెంటనే తీసి చూడడం మంచిది. మూడోదానిలో శక్తి ఐదారు కిలోవాట్లు పడిపోతే ఇంటర్‌కూలర్ వేడెక్కుతోందనో, పంపు అలసిపోతోందనో తెలుస్తుంది, పోటీ రోజున ఎన్ని పరుగుల వరకు అంచనా నిలుస్తుందో కూడా దాన్నిబట్టే చెప్పవచ్చు.

స్ట్రిప్ నుంచి చీటీ చేతికొచ్చాక దాన్ని అంచనాతో పోల్చే వరుస కూడా ముఖ్యమే. మొదట చూడవలసింది ముగింపు వేగం. అది 131, 136 మధ్య ఉంటే లాగ్ నుంచి తీసిన శక్తి సరైనదే. సమయం ఎంత ఎక్కువ వచ్చినా ట్యూన్‌ను తప్పుపట్టనక్కరలేదు. అప్పుడు చీటీలో 60 అడుగుల, అంటే 18.3 మీటర్ల దగ్గరి సమయాన్ని చూడాలి. మన ఉదాహరణలో మంచి ఆరంభానికి అది 2.7 సెకన్లు, జారిన ఆరంభానికి 3.1, అక్కడ పోయిన ప్రతి పదోవంతు సెకను గీత దగ్గరికి వచ్చేసరికి పదోవంతున్నర అవుతుంది. ముగింపు వేగమే ఐదారు కిలోమీటర్లు తక్కువ వస్తే మాత్రం ఆ రోజు గాలి దిశను, ఇంటర్‌కూలర్ తరువాతి ఉష్ణోగ్రతను, రైలు ఒత్తిడిని వరుసగా పరిశీలించాలి. రెండూ సరిపోయిన పరుగు ఒక్కటి దొరికితే దాని నుంచి ఆ వాహనానికే చెందిన గుణకాన్ని తీసి దాచుకోవచ్చు: 133ను, చక్రాల కిలోవాట్లను కిలోలతో భాగించి తీసిన ఘనమూలంతో భాగిస్తే 333 వస్తుంది. సాధారణ సూత్రంలోని 319 ఎవరెవరివో వాహనాల సగటు కాగా, ఈ 333లో ఇదే ట్రాలీ ఆకారం, ఇదే గేర్‌బాక్సు మార్పులు, ఇవే టైర్లు ఉన్నాయి. తరువాతి ట్యూన్ వేసిన రోజున మళ్లీ చెన్నై దారి పట్టకుండా, మిల్లు కాటా చీటీ, మూడో గేరు లాగ్ రెండింటికీ ఆ గుణకాన్ని జోడిస్తే ముగింపు వేగం ఒకటి రెండు కిలోమీటర్ల తేడాతో ఇంటి దగ్గరే తేలుతుంది.